పోపు పెట్టకముందే సగం తీసిపెట్టండి: ఇయ్యాల రాత్రి వండింది రేపు రాత్రికి ఇంకో వంట చేసుడు ఎట్ల

రాత్రి మిగిలిన పప్పును తెల్లారి రాత్రికి మళ్ల వేడిచేసి పెడితే ఇంట్ల ఎవ్వరు సక్కగ తినరు, పిల్లలైతే గిన్నె మూత తీసి చూసి "మళ్ల నిన్నటిదేనా" అనుకుంట నూడుల్స్ ప్యాకెట్ చించుతరు. అట్లని రోజూ డ్యూటీ నుంచి ఏడింటికి ఇంటికొచ్చి, బట్టలు కూడ మార్చుకోకముందే ఉల్లిగడ్డలు కోసుడు మొదలువెట్టి తొమ్మిదింటికి కంచాలు పెట్టుడంటే నడుము విరుగుతది. ఈ రెండిటి నడుమ ఒక పద్ధతి ఉంది. ఒక రాత్రి కొంచెం ఎక్కువ వండాలె, రెండో రాత్రి దాన్నే వేరే కూర చెయ్యాలె, తినేటోళ్లకు అది నిన్నటిదని అనిపియ్యొద్దు.

చానామంది చేసేదేందంటే వండింది మొత్తం వండి, తిన్నంత తిని, మిగిలినదాన్ని చూసి తెల్లారి ఆలోచిస్తరు దీన్నేం చెయ్యాలె అని. అప్పటికే దాంట్ల పోపు పడ్డది, చింతపండు పడ్డది, మసాల పడ్డది, ఇంక దాన్ని ఏం చేసినా ఆ రుచే వస్తది. మన వంటల కూర పేరు మార్చేది చివర్ల పడే పులుపు, పోపు, పొడి. ఉడికిన కందిపప్పు ఒక్కటే, దాంట్ల చింతపండు పులుసు పోస్తే పప్పుచారు, టమాటలు వేస్తే టమాట పప్పు, పుంటికూర వేస్తే పుంటికూర పప్పు, పులుపేం వెయ్యకుండ నెయ్యి పోపు పెడితే ముద్దపప్పు. అందుకే ఆ చివరి పని కాకముందే రేపటి సగం తీసి పక్కన పెట్టాలె. ఈ ఒక్క ముచ్చట పట్టుకుంటే మిగతా అంతా దాని ఎన్కనే వస్తది.

మొదలు: వారాలు రాసుకోండి

బయటోళ్లు రాసే మీల్ ప్లాన్లల్ల ఇది ఎక్కడ కనిపియ్యదు, మన దిక్కు మాత్రం ఇది లేకుంటే ప్లాన్ రెండో రోజే ఫెయిల్. ఇంట్ల ఎవరు ఏ వారం నీసు ముట్టరో ముందుగాల కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అతికియ్యండి. ఒకరిది సోమవారం శివునిది, ఒకరిది మంగళవారం, ఇంకొకరిది గురువారం సాయిబాబది, శనివారం వెంకన్నది. నల్లగొండ దిక్కు చెర్వుగట్టు దేవునికని సోమవారం పట్టేటోళ్లు ఉంటరు, పాలమూరు దిక్కు మన్యంకొండ, కురుమూర్తి దేవుండ్లకని శనివారం పట్టేటోళ్లు ఉంటరు. ఆదివారం కిలో చికెన్ తెచ్చి సగం సోమవారానికి అని దాచిపెట్టినం అనుకోండి, సోమవారం అత్తమ్మ ఒక్కపొద్దు, ఫ్రిజ్‌ల నీసు గిన్నె ఉన్నదని అదే ఫ్రిజ్‌ల ఉన్న పాలు కూడ ముట్టదు, ఇంక ఆ రోజంతా ఇంట్ల లొల్లే. కాబట్టి ఆదివారం నీసుకు రెండో రూపం ఆదివారం రాత్రికే రావాలె, లేదంటే బుధవారం తెచ్చి గురువారం పట్టనోళ్ల ఇంట్ల గురువారానికి పెట్టుకోవాలె. శ్రావణం, కార్తీకం వస్తే ఆ నెల మొత్తం పప్పులు, గుడాల మీదనే నడిపియ్యండి.

ఇంకోటి, ఏడు రాత్రులకు ఏడు ప్లాన్లు వెయ్యకండి. వారానికి మూడు జోడీలు చాలు, ఒక రాత్రి ఖాళీగ ఉంచండి. ఎవరో ఒకరు ఫంక్షన్‌కు పిలుస్తరు, లేకుంటే ఊరి నుంచి చుట్టాలొస్తరు, తీసిపెట్టిన పప్పు ఆ రోజు అట్లనే ఉండిపోతది. ఆ ఖాళీ రాత్రి దానికి.

రెండోది: ఏది ఆగుతది, ఏది ఆగదు

ఉప్పు పసుపు తప్ప ఇంకేం వెయ్యకుండ ఉడకబెట్టిన పప్పు ఆగుతది. ఉడికిన శనగలు, బబ్బెర్లు, ఉలవలు ఆగుతయ్. పొట్టుతోని ఉడకబెట్టిన ఆలుగడ్డలు, మసాల వెయ్యని కోడిమాంసం ఆగుతయ్. అన్నం ఒక్క రోజు మాత్రమే, అది కూడ ఫ్రిజ్‌ల పెడితేనే. 

ఆగనియి ఏందంటే ఆకుకూరలు (తోటకూర వేపుడు తెల్లారి నల్లగైతది, వాసన మారుతది), బెండకాయ (జిగట), పచ్చికొబ్బరి వేసినయి, పెరుగు కలిపినయి, పచ్చి ఉల్లిగడ్డ కలిపినయి. ఇవి ఆ పూటకు ఎంత కావాలో అంతే వండి గిన్నె కడిగి బోర్లించాలె.

చేపల పులుసు ముచ్చట వేరే. దాన్ని ఇంకోటిగ మార్చే పని పెట్టుకోకండి. సాగర్ చేప గానీ జూరాల చేప గానీ, చింతపండు పులుసు ముక్కలకు పట్టేసరికి రెండో రోజే దానికి అసలు రుచి. చల్లారంగనే ఫ్రిజ్‌ల పెట్టి, తెల్లారి గంటె పెట్టి కలపకుండ గిన్నె పట్టుకొని అటిటు తిప్పి బాగ మరిగియ్యండి, గంటె పెడితే ముక్క విరిగి ముళ్లన్ని పులుసుల కలుస్తయ్. నిన్నటి కూర వద్దనే మనిషి కూడ దాని ముంగట మాత్రం ఏం అనడు.

మూడోది: తీసిపెట్టే పద్ధతి

కంచాలు పెట్టకముందే తీయాలె. అందరు తిన్నంక మిగిలిన గిన్నెల నుంచి కాదు. మన పెద్దోళ్లు ఎంగిలి గంటె, ఎంగిలి చెయ్యి తగలొద్దు అనేది ఊరికే అనలే, తింటున్న గంటె మళ్ల గిన్నెల పెడితే ఆ కూర తొందరగ పాడైతది. పోపు పెట్టే ముందు, కడిగి తుడిచిన స్టీల్ డబ్బల రేపటి సగం తీసెయ్యండి, మూత తీసి పక్కన పెట్టండి, ఇంక అది ఈ పూట ఎవ్వరికి కనిపియ్యొద్దు. కనిపిస్తే "ఇంకొంచెం పప్పు వెయ్యి" అంటరు, అయిపోతది.

చల్లార్చుడు దగ్గర మాత్రం జర గట్టిగ ఉండాలె. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఏందంటే వండింది 2 గంటల కంటె ఎక్కువ బయట ఉంచొద్దు, ఫ్రిజ్ 5 డిగ్రీల కింద ఉండాలె, మళ్ల వేడిచేసేటప్పుడు లోపల దాక 70 డిగ్రీలు దాటాలె, అంటే ఉడుకు పట్టి పొగలు కక్కాలె. ఇది మామూలు రోజుల లెక్క. నల్లగొండల, మిర్యాలగూడల మే నెలల ఎండ 43, 44 డిగ్రీలు కొట్టినప్పుడు వంటింట్ల ఇంకింత ఉడుకుంటది, ఆ రోజులల్ల ఒక్క గంట లోపలనే ఫ్రిజ్‌లకు పోవాలె.

అట్లని పొగలొచ్చే తపాల తీస్కపోయి సీదా ఫ్రిజ్‌ల పెట్టకండి, లోపలున్న పాలు, పెరుగు కూడ వేడెక్కుతయ్. లోతు గిన్నెల పప్పు నడుమ గంటలకొద్ది వేడి ఆగుతది, అందుకే వెడల్పు గిన్నెలకు తీసి పల్చగ పరిచి, ఇంకో తాంబాలంల చల్లనీళ్లు పోసి దాంట్ల పెట్టండి. అర్ధగంటల చల్లబడుతది. అన్నమైతే పళ్లెంల పరిచి ఫ్యాన్ కింద పెట్టాలె. 

అన్నానికి ఇంత జాగ్రత్త ఎందుకంటే, బియ్యంల బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఉంటది, వండినా దాని బీజాలు చావవు, అన్నం వెచ్చగ మూతపెట్టి బయటుంటే అవి లేచి విషం తయారుచేస్తయ్, ఆ విషం తెల్లారి ఎంత వేయించినా పోదు. వాంతులు, కడుపునొప్పి దాంతోనే వస్తయ్. వాసన బాగనే ఉందిగద అని నమ్మొద్దు, దానికి వాసన రాదు. మరి మా తాతలు సద్దన్నం తినలేదా అంటరు. సద్ది అంటే చల్లల, గంజిల పోసి పులియబెట్టి పొద్దుగాలనే తినేసేది, కుక్కర్‌ల మూతపెట్టి మర్చిపోయిన అన్నం తెల్లారి రాత్రికి తినుడు అది కాదు. కరెంటు పోయి ఫ్రిజ్ సగం రోజు బందున్నా ఆ అన్నం ఆశ వదులుకోండి.

నాలుగోది: జోడీలు

పప్పు నుంచి మొదలు పెడుదాం, ఎందుకంటే దీంట్ల ఉన్నంత లాభం ఇంకేదాంట్ల లేదు. నలుగురున్న ఇంటికి రెండు రాత్రులకు గ్లాసున్నర కందిపప్పు సరిపోతది. కడిగి అర్ధగంట నానబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచ మంచినూనె వేసి కుక్కర్‌ల నాలుగైదు విజిల్స్ రానియ్యండి. ఉప్పునీళ్ల బోరు ఉన్నోళ్లు ఆ నీళ్లు పొయ్యకండి, ఆ నీళ్లల్ల ఉండే సున్నపు గుణానికి పప్పు ఎన్ని విజిల్సొచ్చినా పలుకు పలుకుగనే ఉంటది, భగీరథ నల్లా నీళ్లు పట్టుకొని వాడండి. టమాట, చింతపండు, పుంటికూర కూడ పప్పుతోని కలిపి ఉడకబెట్టొద్దు, పులుపు పడితే పప్పు మెత్తబడదు. పులుపు చివర్ల అనేదానికి ఇది ఇంకో కారణం.

ఉడికినంక మెదిపి ఉప్పు వెయ్యండి, ఇప్పుడు సగం డబ్బలకు తీయండి. మొదటి రాత్రి మిగతా సగానికి నెయ్యి, జిలకర, ఎల్లిపాయ, ఎండుమిర్చి పోపు పెట్టి ముద్దపప్పు చెయ్యండి, పక్కకు పచ్చిపులుసు. పచ్చిపులుసుకు పొయ్యి పనే లేదు, చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, వేయించిన నువ్వుల పొడి వేసి కలుపుడే, కావాలంటే మీదికెల్లి చిన్న పోపు. రెండో రాత్రి ఆనిగెపుకాయ ముక్కలు, ములక్కాడలు, రెండు టమాటలు ఉప్పు పసుపుతోని ఉడకబెట్టి, నిమ్మకాయంత చింతపండు పులుసు పోసి, అది మరిగినంక డబ్బల పప్పును వేడినీళ్లతోని జారుగ కలిపి దాంట్ల పొయ్యండి. ఇంగువ, ఆవాలు, మెంతులు, కల్యమాకు పోపు. మొదటి రాత్రి జిలకర ఎల్లిపాయ వాసన, రెండో రాత్రి ఇంగువ మెంతుల వాసన, ఈ తేడా చానా ముఖ్యం, రెండు రాత్రులు ఎల్లిపాయ పోపే పెడితే నోటికి ఒక్కతీరే అనిపిస్తది. ఫ్రిజ్‌ల పప్పు రాయి లెక్క గట్టిపడుతది, భయపడకండి, వేడినీళ్లు పడితే కరుగుతది. గట్టిది గట్టిగనే చారుల వేస్తే మాత్రం ఉండలు ఉండలుగ తేలుతది.

చారు వద్దంటే రొట్టెలు చేసుకోవచ్చు. గట్టి పప్పు ఒక గ్లాసుకు గోధుమపిండి రెండు గ్లాసులు, కారం, వాము, కొత్తిమీర, ఉప్పు వేసి ముందు నీళ్లు పొయ్యకుండ పిసకండి, పప్పుల తడే సగానికి పైన సరిపోతది, తర్వాత చేతికి తడి చేసుకుంట కలపాలె. పెనం మీద నూనెతోని కాల్చి పెరుగుతోని పెడితే పిల్లలకు అది పప్పని తెల్వను కూడ తెల్వదు. ఒకవేళ పోపు పెట్టిన పప్పే మిగిలినా ఈ రొట్టెలకు పనికొస్తది, పోపు పిండిల కలిసిపోతది, ఎండుమిర్చి మాత్రం ఏరెయ్యండి.

గుడాలు రెండో జోడీ. బబ్బెర్లు గానీ శనగలు గానీ పొద్దుగాల డ్యూటీకి పోయేముందు రెండు గ్లాసులు నానబెట్టండి, సాయంత్రానికి ఎనిమిది గంటలు దాటుతది, ఉప్పేసి కుక్కర్‌ల పెట్టండి. ఉడికిన నీళ్లు పారబొయ్యకండి, వేరే గిన్నెలకు వడగట్టి పెట్టుకోండి. మొదటి రాత్రి సగం గింజలకు ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కల్యమాకు పోపు పెట్టి గుడాలు, జొన్న రొట్టెలు. రెండో రాత్రి మిగతా సగం కూర: ఉల్లిగడ్డ, టమాట, అల్లమెల్లిగడ్డ వేయించి, వంకాయలు నాలుగు చీల్చి వేసి, గింజలల్ల ఒక గంటెడు మెదిపి వేస్తే గ్రేవీ చిక్కగొస్తది, మీదికెల్లి వేయించిన పల్లీల పొడి, ధనియాల పొడి. ఇది అన్నంల. వడగట్టిన నీళ్లు మిరియాలు, ఎల్లిపాయ దంచి వేసి, చింతపండు పిండి చారు పెట్టండి. ఉలవలైతే ఆ నీళ్లే అసలు సరుకు, గింజలే కొసరు. ఉలవచారు కోసమే ఉలవలు ఉడకబెట్టేటోళ్లు ఉన్నరు, గింజలు రెండో రాత్రి తాళింపు వేసుకుంటరు.

అన్నం. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలె, 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్ల మొదలైనంక రేషన్ల మనిషికి 6 కిలోల సన్నబియ్యం వస్తున్నయ్, అంతకుముందు దొడ్డు బియ్యం. దొడ్డు బియ్యం అన్నం కొంచెం నీళ్లెక్కువైనా నిలబడుతది, సన్నబియ్యం అట్ల కాదు, అందుల కొత్త బియ్యమైతే ముద్దనే. రేపటికి పులిహోరనో పోపన్నమో చెయ్యాలనుకున్న రోజు నీళ్లు అర గ్లాసు తక్కువ పొయ్యండి, విజిల్ ఒకటి తగ్గియ్యండి. పోసిన బియ్యం గ్లాసుకు అన్నం దాదాపు మూడు గ్లాసులైతది, ఆ లెక్కన ఎక్కువ పెట్టండి. ఫ్రిజ్‌ల రాత్రంతా ఉన్న అన్నం గట్టిపడి మెతుకు మెతుకు విడిపోతది, పులిహోరకు, గుడ్డు అన్నానికి వేడన్నం కంటె ఇదే బాగుంటది. చేతికి నూనె రాసుకొని ముద్దలు విప్పాలె, గంటెతోని కుమ్మితే నూక అయితది.

పులిహోర పులుసు ఆదివారం ఒక సీసెడు చేసి ఫ్రిజ్‌ల పెట్టుకుంటే ఆ వారమంత ఎప్పుడు కావాలన్నా అందుతది. చింతపండు గుజ్జు, నూనె, పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, నూనె పైకి తేలేదాక దగ్గరికి రానిచ్చుడే. రెండో రాత్రి ఆ పులుసు ఉడుకు నూనె పోపుల కలిపి, చల్లన్నం వేసి మూకుట్ల పొగలొచ్చేదాక తిప్పండి. వేడి మీద కాకుండ చల్లన్నంల కలిపే పులిహోర వేరే ఉంది, అది పొద్దున వండిన అన్నానికి, ఫ్రిజ్‌ అన్నానికి కాదు. పులిహోర వద్దనుకుంటే కోడిగుడ్లు కొట్టి గుడ్డు అన్నం, అదీ కాకుంటే ఉల్లిగడ్డ, పల్లీలు, పచ్చిమిర్చితోని పోపన్నం. అన్నం మరీ మెత్తగైపోతే గ్లాసెడు అన్నం మెదిపి గ్లాసెడు బియ్యప్పిండి, నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లికాడలు, కారం వేసి నూనె రాసిన తపాలకు ఒత్తి, వేలుతోని బొక్కలు పెట్టి సర్వపిండి కాల్చండి. దీనికి టైం పడుతది, ఆదివారం పని.

యూట్యూబ్‌ల అన్నంతోని పిజ్జాలు, కట్లెట్లు చూపిస్తరు, నేనైతే వద్దనే అంట. మిగిలిన పావుకిలో అన్నాన్ని కాపాడనీకి అర్ధకిలో చీజ్, బ్రెడ్ పొడి కొనుడు ఏం లెక్క?

ఇక కోడికూర. కిలో తెచ్చి కడిగి, ఉప్పు, పసుపు, అల్లమెల్లిగడ్డ, రెండు చెంచల నూనె వేసి నీళ్లు పొయ్యకుండ మూతపెట్టండి, దాని నీళ్లతోనే ఉడుకుతది. ముక్క పూర్తిగ ఉడికినంక సగం ముక్కలు తీసి వెడల్పు గిన్నెల పరచండి. మూకుట్ల మిగిలినదాంట్ల వేయించిన ఉల్లిగడ్డ, కారం, ధనియాల పొడి, ఎండుకొబ్బరి, గసాలు వేసి పులుసు పెట్టి బగారన్నంతోని మధ్యాహ్నం తినండి. తీసిన ముక్కలు ఫ్రిజ్‌ల పోతయ్. రాత్రికి మూకుట్ల నూనె కాగినంక కల్యమాకు, పచ్చిమిర్చి, ముక్కలు, పెద్దమంట మీద లోపల దాక పొగలొచ్చేటట్టు వేయించి, చివర్ల దంచిన మిరియాలు, నిమ్మరసం. వేపుడుల కొబ్బరి, గసాలు వెయ్యకండి, అవి పడితే మధ్యాహ్నం కూర ఎండబెట్టినట్టే ఉంటది. సగం ఉడికిన మాంసం దాచిపెట్టుడు మాత్రం మంచిది కాదు, రాత్రికైనా వేరే రోజుకైనా ముందే పూర్తిగ ఉడికిచ్చి పెట్టండి.

మధ్యాహ్నం పులుసుల ముక్కలైపోయి ఉట్టి పులుసే మిగులుతది, ప్రతి ఇంట్ల ఇదే కథ. ఉడకబెట్టిన గుడ్లకు నాలుగు గాట్లు పెట్టి అందుల వేసి పది నిమిషాలు మరిగియ్యండి, రాత్రికి ఇంకో కూర. 

రొట్టెల గురించి రెండే మాటలు. మిగిలిన చపాతీలు చేత్తోని నలిపి, బెల్లం, నెయ్యి, ఇలాచి వేసి ముద్దలు కడితే మలీద, సద్దుల బతుకమ్మ నాడు చేసుకునేదే, పిల్లలకు మామూలు రోజు పెట్టినా ఎగిరి గంతేస్తరు. జొన్న రొట్టె గట్టిపడితే తుంచి, చల్ల చిలకరిచ్చి పావుగంట ఉంచి ఉల్లిగడ్డ పోపుల తిప్పితే ఉప్మా లెక్క తినొచ్చు.

అయిదోది: రెండో రాత్రి ఏం చెయ్యాలె

ఇంటికి రాంగనే డబ్బ బయట పెట్టి వదిలెయ్యకండి, మీరు పొయ్యి వెలిగిచ్చేదాక అది ఫ్రిజ్‌లనే ఉండాలె. ఒక్కసారి వేడిచేసింది మళ్ల ఫ్రిజ్‌ల పెట్టొద్దు, అందుకే కావాల్సినంతే గంటెతోని తీసుకోండి. కంచంల ఒక్కటన్న ఆ పూట కొత్తగ చేసింది ఉండాలె, అది పచ్చిపులుసైనా సరే, కాల్చిన టమాట తొక్కైనా సరే, ఉట్టి కోసిన ఉల్లిగడ్డ నిమ్మకాయైనా సరే. కొత్త పోపు వాసన ఇల్లంత వస్తే అప్పుడే వండినట్టు అనిపిస్తది. పోపు తినే ముందే పెట్టాలె, గంట ముందు కాదు. ఇంటి మగోళ్లు ఎవరన్న ఇది చదువుతుంటే, రెండో రాత్రి పని ఇరవై నిమిషాలే, ముందు రాత్రి కష్టం అయిపోయింది గద, ఇది మీరు చెయ్యొచ్చు.

వారం ఎట్లుంటదో చెప్త, మీ ఇంటి వారాలను బట్టి మార్చుకోండి. ఆదివారం మధ్యాహ్నం కోడికూర బగారన్నం, రాత్రి వేపుడు, చారు. సోమవారం ముద్దపప్పు, పచ్చిపులుసు, మంగళవారం ఆనిగెపుకాయ పప్పుచారు, అప్పడాలు. బుధవారం జొన్న రొట్టెలు, బబ్బెర గుడాలు, గురువారం బబ్బెర్లు వంకాయ కూర, ఆ రోజు అన్నం రెట్టింపు పెట్టాలె, శుక్రవారం ఆ అన్నంతోని పులిహోర. శనివారం ఖాళీ, చానా ఇండ్లల్ల ఆ రాత్రి ఎట్లాగూ టిఫినే గద.

ఇంత చేసినా ఒక్కోసారి మూడో రోజుకు ఏదో మిగులుతది. పప్పైతే మూడో రోజు చూడొచ్చు గానీ అన్నం చూడొద్దు, తీసెయ్యాలె. ఊర్లల్ల బర్రెలున్నోళ్లు కుడితిల పోస్తరు, పొయ్యండి గానీ గుప్పెడు రెండు గుప్పెళ్లే, పాడైన వాసనొస్తే అది కూడ వద్దు. తపాలెడు అన్నం ఒక్కసారి తింటే బర్రె కడుపుల పులిసి నెమరు ఆగుతది, డాక్టర్‌ను పిలిచే పనైతది. మసాల కూరలు, నీసు కుడితిల అసలే కలపొద్దు.